నాలుగో గడిలో వేడినీళ్లు

మలేసియాలోని ఇపో ఊళ్లో, మా వీధి చివరి కాఫీ కొట్టులో గోడవార బల్ల ఫూ సార్‌ది. బడి నుంచి రిటైరయ్యాక, మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష రాసేవాళ్లకు అక్కడే లెక్కలు చెప్పేవారు. పక్క బల్ల మీద పుస్తకం తెరుచుకుని కూర్చున్న నేను, చాలాసార్లు పేజీ తిప్పడం మరిచి ఆ పాఠమే వినేవాణ్ణి.

ఒక ఏడు తేన్మొళి ఆ పాఠానికి వచ్చింది. సిమెంటు కంపెనీలో గుమాస్తా. మంచి స్కోరు వస్తే చదువు ఖర్చు కంపెనీదే, కానీ వయసు ముప్ఫై అయిదు దాటితే ఇవ్వరు. ఆమెకిదే ఆఖరి ప్రయత్నం. ఇంతకుముందు రాసినప్పుడల్లా టైము చాల్లేదట. ముఖ్యంగా ఒక రకం ప్రశ్నలు ఆమెను ముంచేవి. వాటిలో జవాబు రాబట్టనక్కర్లేదు, ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందో లేదో చెబితే చాలు.

సార్ టిష్యూ కాగితాన్ని రెండు మడతలు పెట్టి విప్పారు. మడత గీతలతో నాలుగు గళ్లు పడ్డాయి. టీ, కాఫీ రెండూ తాగేవాళ్లకొకటి, ఒక్కటే తాగేవాళ్లకు రెండు, ఏదీ తాగనివాళ్లకు నాలుగోది.

"ఆఫీసులో నలభై మంది. రెండూ తాగేవాళ్లెందరో తేలుతుందా? మొదటి సమాచారం: టీ తాగేవాళ్లు ఇరవై అయిదు, కాఫీ తాగేవాళ్లు ఇరవై."

"తేలుతుంది సార్. కలిపితే నలభై అయిదు. అంటే అయిదుగురు."

"ఏదీ తాగనివాళ్లు?"

తేన్మొళి నవ్వింది. "ఇపోలో అలాంటివాళ్లెవరుంటారు సార్?"

సార్ తన గ్లాసు తీసి నాలుగో గడిలో పెట్టారు. ఉత్త వేడినీళ్లు. ఆయన తాగేవి అవే.

కొట్టు యజమానురాలు గల్లా దగ్గర నుంచే అందుకుంది. "ఎన్నేళ్లుగానో నా ఫ్యాను కింద కూర్చుని నీళ్లు తాగి పోతున్నాడు! నీకింకెవరు కావాలమ్మా?"

తేన్మొళి నాలుక కరుచుకుంది.

"ఆ గడి ఖాళీ అని ఎవరూ చెప్పలేదు, నువ్వే అనుకున్నావు," అన్నారు సార్. "రెండో సమాచారం: ఆరుగురు ఏదీ తాగరు. ఇదొక్కటే చాలదు. రెండూ కలిపితే?"

"నలభైలో ఆరు పోతే ముప్ఫై నాలుగు..."

సార్ ఆమె చేతిలో పెన్సిల్ లాక్కున్నారు. "ఎందరని ఎవరడిగారు? తేలుతుందా, లేదా?"

"తేలుతుంది."

"అక్కడ ఆగు."

"చెయ్యి ఊరుకోదు సార్."

"ఊరుకోబెట్టు."

పరీక్ష దాకా పెన్సిల్ ఆయన జేబులోనే ఉంది. ఆ పరీక్షలో స్కోరు అక్కడికక్కడే కంప్యూటర్ మీద వచ్చేస్తుంది. పరీక్ష నాటి సాయంత్రం సార్ ముందు గ్లాసు చల్లారిపోయింది. తేన్మొళి లోపలికొచ్చి, యజమానురాలిని ఇంకో వేడినీళ్ల గ్లాసు అడిగి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"స్కోరెంత?"

"సరిపోయింది సార్."

"ఎంతో చెప్పు!"

"ఎంతని ఎవరడిగారు సార్?" అంది, కుర్చీ లాక్కుంటూ.