ఏటవాలు కంచం మీద కొబ్బరినూనె

మా ఆయన ఎలీషా ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీల మెకానిక్‌గా చేశారు. ఏ ఆయిలైనా రెండు వేళ్ళ మధ్య రుద్దిచూసి, అది ఇంకెన్నాళ్ళు పనికొస్తుందో చెప్పేవారు. ఆదివారం గుడికి బయల్దేరేముందు వీధి పిల్లల్ని మా వాకిట్లో కూర్చోబెట్టి, స్టీలు కంచం ఏటవాలుగా పెట్టి, పైఅంచున మూడు చుక్కలు వేసేవారు. నీళ్ళు, కొబ్బరినూనె, గేర్ ఆయిల్.

"ముందు ఏది దిగుతుందర్రా? చెప్పాకే చూడాలి" అనేవారు. తప్పు చెప్పినవాళ్ళని చూసి ఎవర్నీ నవ్వనిచ్చేవారు కాదు. తెల్లచొక్కాకి మరకలవుతాయని నేను మాత్రం సణిగేదాన్ని.

నవంబరులో గుండెపోటుతో పోయారు. చర్చివాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయ్యాక వచ్చిన ఆదివారం, పొద్దున ఏడింటికే పక్కింటి చిన్ని, దాని తమ్ముడు బెన్నీ కంచం పట్టుకుని వచ్చారు.

"అత్తా, రేపు బళ్ళో నా వంతు. ద్రవాల గురించి చేసి చూపించాలి. మావయ్య నేర్పిస్తానన్నాడు" అంది చిన్ని.

"నేను ఐదో క్లాసు దాకానే చదివానే తల్లీ. నాకేం తెలుసు?"

"నేనూ ఐదేగా!"

కాదనలేకపోయాను. ఆయన పెట్టినట్టే కంచం గోడకి ఆనించాను. నీళ్ళు జర్రున జారాయి. గేర్ ఆయిల్ నింపాదిగా కదిలింది. కొబ్బరినూనె చలికి పేరుకుపోయి ఉంది. పుల్లతో తీసి పెడితే తెల్లగా అక్కడే కూర్చుంది.

"మావయ్య లేడని అలిగిందేమో" అన్నాడు బెన్నీ.

"నోర్ముయ్‌రా!" చిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రేపు ఇలాగే అయితే అందరూ నవ్వుతారత్తా."

చలికాలం తలకి రాసుకునేముందు ఆయన నూనెని గుప్పిట్లో పెట్టుకునేవారు. నేనూ ఆ ముద్దని తీసి గుప్పిట మూశాను. కాసేపటికి వేళ్ళ సందుల్లోంచి కారింది. ఆ చుక్కని మళ్ళీ కంచం మీద వేస్తే గేర్ ఆయిల్‌ని దాటిపోయింది.

"చెయ్యి వెచ్చదనానికే కరిగిందా!" అంది చిన్ని నా అరచెయ్యి తిప్పి చూస్తూ.

సోమవారం సాయంత్రం పుస్తకాల సంచీతోనే పరిగెత్తుకొచ్చింది. "టీచరు అందరి చేతా గుప్పిట పట్టించిందత్తా! ఎవరూ నవ్వలేదు."

వెనకే బెన్నీ. "మరి ఈ ఆదివారం ఉందా, లేదా?"

గేర్ ఆయిల్ సీసా వంచి చూశాను. అడుక్కొచ్చింది. ఈ ముప్పై ఏళ్ళలో నేనెప్పుడూ ఆయన షెడ్డుకి వెళ్ళలేదు.

"ఆటోనగర్‌కి ఏ బస్సెక్కాలో మీ అమ్మనడిగి రా" అన్నాను.