పసుపునీళ్ళు, సీసం బిళ్ళలు

మొన్న దసరాకి మా అమ్మాయి కొత్త కారుకి పసుపునీళ్ళు చల్లబోతుంటే, నా చెయ్యి దానంతటదే వెళ్ళి చెంబు పట్టుకుంది. "అమ్మా, వాట్ హ్యాపెండ్?" అంది. ఏం లేదని వదిలేశాను. కానీ ముక్కుకి తేనెమైనం వాసన తగిలింది, అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఉండే మా అక్కావాళ్ళ గరాజ్ వాసన.

రెండువేల తొమ్మిదో పదో అయుంటుంది. బావగారు అప్పుడే హాస్పిటల్ నుంచి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి ఆపరేషన్లు చేసిన చేతులకి పని లేకపోతే తోచదు కదా. పక్కింటి ముసలాయన ఊరు మారుతూ తన పాతకాలం పిస్తోలు, కాగితాలన్నీ రాయించి మరీ, ఈయనకి అంటగట్టాడు. దానికి సరిపడే తూటాలు షాపుల్లో ఎప్పుడో దొరకడం మానేశాయి. ఇంకేం, సొంత వంట మొదలైంది. టైర్ల షాపు నుంచి చక్రాలకి బరువు కోసం బిగించే పాత సీసం ముక్కలు తెచ్చి కరిగించి, అక్క ఇడ్లీ రేకుల్లో పోసి బిళ్ళలు చేసి పెట్టుకునేవారు. తీరిగ్గా ఆ బిళ్ళల్ని మళ్ళీ కరిగించి, కజ్జికాయల చెక్కలాంటి అచ్చులో పోస్తే, తెరవగానే తళతళలాడే గుండ్లు రాలేవి. వాటికి తేనెమైనం, గ్రీజు కలిపిన జిడ్డు పట్టించేవారు. లేకపోతే పిస్తోలు గొట్టంలో సీసం అంటుకుపోతుందట. పండక్కి సున్నుండలు చుట్టినంత శ్రద్ధ! నాకు మాత్రం ఆ గుండ్లు వరసగా నిలబడి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుండేది.

గరాజ్‌లోకి కాఫీ కప్పు కూడా రానిచ్చేవారు కాదు. "నూనెలో నీటిచుక్క పడితే చిటపటమంటుంది. ఈ కరిగిన సీసంలో పడితే బాంబే అమ్మాయ్" అన్నారోసారి నాతో. అక్కతో అనలేదు. అక్క ఆ గడప తొక్కితేగా! ఇడ్లీ రేకులు పోయిన రోజు నుంచీ, "ప్రాణాలు పోసిన చేతుల్తో ఈ పాడుపనేంటండీ?" అని ఆ తలుపు వంకే చూసేది కాదు.

ఆ దసరాకి ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, మనసు మార్చుకుంది. ఆయుధపూజ అని పొద్దున్నే గరాజ్‌లోకి వెళ్ళి, పేర్చిన సీసం బిళ్ళల మీద పసుపునీళ్ళు చల్లి, కుంకుమబొట్లు పెట్టి, బావగారు ముఖానికి అడ్డం పెట్టుకునే ప్లాస్టిక్ షీల్డ్‌కి బంతిపూల దండ వేసింది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇద్దరూ కొత్త దంపతుల్లా నవ్వుకుంటున్నారు.

"ఇవాళొక్కరోజూ వాటిని ముట్టుకోకండి" అంది అక్క.

"ఒక్క పది నిమిషాలే, రేపు షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాలి" అన్నారాయన.

బయట వాన. ఆ ఊళ్ళో ఆరేసిన బట్టలే ఆరవు, బిళ్ళల సందుల్లో నీళ్ళేం ఆరుతాయి? ఆయన బొట్లే చూశారు, మురిసిపోయారు. అక్క వేసిన దండ తీయడానికి మనసొప్పక షీల్డ్‌ని మేకుకే వదిలేశారు.

మేం వంటింట్లో గారెలు వేస్తున్నాం. ఢామ్మని చప్పుడు, వెంటనే ఆయన కేక. పరుగెత్తి చూస్తే సీలింగంతా సీసం చుక్కలు, ఆయన మొహం చేతుల్లో ఉంది. అక్క ఆయనతో అంబులెన్స్‌లో వెళ్ళాక, మిగిలిన బిళ్ళ ఒకటి ఎత్తి చూశాను. అడుగున పసుపు తడి.

ఎడమ కన్ను పోయింది. హాస్పిటల్‌లో అక్క అలా బయటికి వెళ్ళగానే, నేను నోరు తెరవకముందే బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. "డోర్ తెరిచుంది, వానజల్లు పడింది. మీ అక్కకి అంతే తెలియాలి."

అక్క అంతే నమ్మింది. పైగా, వద్దన్నా వినకుండా ముట్టుకున్నారనీ, తను పూజ చేయబట్టే అమ్మవారు రెండో కన్నయినా నిలబెట్టిందనీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్తుంది.

అచ్చులూ పిస్తోలూ ఆ ఇంట్లోంచి పోయాయి. పూజ పోలేదు. ఏటా దసరాకి అక్క కారుకీ, గడ్డి కోసే మిషన్‌కీ పసుపునీళ్ళు చల్లుతుంది. చెంబు నింపి అందించేది బావగారే. ఈమధ్య ఆయనకి మతిమరుపు మొదలైంది. నన్ను చూసి ఎవరని అడుగుతున్నారు, ఎప్పటెప్పటి సంగతులో ఎవరూ అడక్కుండానే చెప్పేస్తున్నారు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు. ఆ పసుపు తడి కంటే ముందు, దాన్ని దాచాలన్న మాటని మరిపిస్తుందేమోనని నాకు భయం.