కాగితపు కాలరు, మిరప ఘాటు

నేను గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మా ఇంగ్లిషు మేడమ్ కాలేజీలో పాతకాలపు ఇంగ్లండు సంత పెట్టించారు. అందరం ఆ కాలపు దొరల్లా మెడకు కుచ్చుల కాగితపు కాలర్లు కట్టుకున్నాం. అక్కడే సానెట్ అనే ఇంగ్లిషు పద్యాల పోటీ. పద్నాలుగు పాదాల్లో ప్రేమ గురించి రాయాలి.

"ఎవరి మీద రాస్తావే?" అంది నా స్నేహితురాలు.

నాకు ప్రేమికుడంటూ ఎవరూ లేరు. అందుకని కల్లంలో మిరపకాయలు ఆరబోస్తూ అమ్మ ఘాటుకి తుమ్మినప్పుడల్లా నాన్నను తిట్టడం, ఆయన నవ్వుతూ మంచినీళ్లు అందించడం రాశాను. మేడమ్ చదువుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. రెండో బహుమతి వచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్లి దాన్ని తెలుగులో చెప్పి వినిపించాను.

"నేనెప్పుడు తిట్టానే మీ నాన్నని?" అని అమ్మ కసిరింది.

నాన్న మాత్రం, "మళ్లీ ఒకసారి చెప్పమ్మా," అంటూ మంచం మీద సర్దుకుని కూర్చున్నాడు.