సాంబయ్య కాకా తూకం

2023 ఎండాకాలం నాటి మాట. వరంగల్‌లో ఒక చిన్న డయాలసిస్ సెంటర్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నాది అనుమానపు బుద్ధి. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఈ పనిలో ఆ బుద్ధి లేకపోతే కష్టం. కిడ్నీలు పనిచేయనివాళ్లకు తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. మెషీన్ నాలుగు గంటలపాటు వాటిని మెల్లగా తీసేస్తుంది. ఎంత తీయాలో తూకమే చెబుతుంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండే బరువును డ్రై వెయిట్ అంటాం. దానికంటే ఎంత పెరిగి వస్తే అంత తీస్తాం. తక్కువ తీస్తే ఆయాసం, ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది.

సాంబయ్య కాకాది మట్టెవాడ. చాలా ఏళ్లు కిరాణా కొట్టు నడిపిన మనిషి. రెండు వారాలుగా ప్రతిసారీ మూడు కిలోలు పెరిగి వస్తున్నాడు. ఆ నీరు తీయబోతే చివరి గంటలో బీపీ ఢమాల్. పిక్కలు పట్టేసి "పానం పోతాంది బిడ్డా" అని ఒకటే అరుపు.

"దొంగతనంగ నీళ్లు తాగుతాండు సిస్టర్" అంది ఆయన భార్య రాజమ్మ. "నేను బాత్రూమ్ కాడ సుత కావలుంటాన."

"నువ్వు చూసినవా?" అని కాకా కస్సుమన్నాడు.

నాకు మాత్రం ఆ మూడు కిలోల మీదే అనుమానం. అంత నీరు ఒంట్లో చేరితే ఎక్కడో ఒకచోట కనబడాలి కదా! పాదం మీద వేలితో నొక్కితే గుంట పడదు. మొహంలో ఉబ్బు లేదు, ఆయాసం లేదు. వచ్చేటప్పుడు బీపీ మామూలే. బీపీ మాత్రలు మింగి వస్తున్నాడేమోనని ఆరా తీశాను, అదీ కాదు. డాక్టర్ గారు గుండె పరీక్ష చేయించారు, బాగానే ఉంది. చివరికి తూకం మెషీన్ తప్పేమోనని నేనే ఎక్కి చూశాను. నా బరువు ఒక్క గ్రాము కూడా దాచకుండా చూపించింది, పాడు మెషీన్. ఇక మిగిలింది ఆ మొగుడూ పెళ్లాలే. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేదాన్ని. డ్రై వెయిట్ పెంచుదామా అని డాక్టర్ గారు ఆలోచనలో పడ్డారు.

ఆ శనివారం మూడో గంట దాటాక, మనవరాలి గురించి ఏదో చెబుతూ కాకా మాట మధ్యలో ఆగిపోయింది. ఒళ్లంతా చెమటలు, కళ్లు తేలేశాడు. బీపీ డెబ్బైకి పడింది. నీరు తీయడం ఆపి, సెలైన్ వదిలాం. బీపీ అలాగే ఉంటే మెదడుకు రక్తం అందదు, మనిషి దక్కడు. తల కిందికి దించి కాళ్లు పైకెత్తుతుంటే లుంగీలోంచి ఏదో ఠంగుమని నేల మీద పడింది. చూస్తే ఇనుప తూకం రాయి, కిలోది. డ్రాయర్ జేబులో ఇంకొకటి ఉంది.

రాజమ్మ వంగి ఆ రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. బీపీ పెరిగి కాకా కళ్లు తెరిచేదాకా నేను తిట్లు ఆపుకున్నాను. తర్వాత ఆపుకోలేదు.

"కాకా, నీకేమన్న పిచ్చా? ఒంట్లో లేని నీళ్లు గుంజితే పానం పోదా?"

"రెండు కిలోలు ఎక్కువ గుంజిపిచ్చుకుంటే, ఇంటికాడ గన్ని నీళ్లు ఎక్కువ తాగొచ్చు గదా అనుకున్న."

"నీళ్లు తాగొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"చెప్పినవ్. అందరు చెప్పెటోళ్లే. ఎంత దూప అయితాందని ఒక్కరన్న అడిగిన్రా బిడ్డా?"

ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. స్టూలు జరుపుకుని పక్కన కూర్చుని అప్పుడు అడిగాను, దాహం ఎంతగా వేస్తోందని, ఏం తింటున్నాడని. రాజమ్మ కూరల్లో ఉప్పు బాగా తగ్గించిందట. ఆ చప్పిడి తిండి దిగక కాకా పూటపూటకీ మామిడికాయ తొక్కు పచ్చడి నంజుకుంటున్నాడట. తొక్కులో ఉన్నదంతా ఉప్పే. దూప కాకుండా ఉంటుందా మరి! తొక్కు మాన్పించి, బాగా దూపైనప్పుడు నోట్లో ఒక ఐసు ముక్క వేసుకోమన్నాం. మెల్లగా బీపీ దారికొచ్చింది.

నా బుద్ధి మాత్రం మారలేదు. ఇప్పటికీ ఎవరినైనా జేబులు చూపించమని అడిగాకే తూకం ఎక్కిస్తాను. కానీ అంతకంటే ముందు "దూప ఎట్లుంది?" అని అడుగుతాను. అడిగితే చాలామంది నిజమే చెబుతున్నారు. తిడితే మాత్రం రాళ్లు కట్టుకుని వస్తారు.