రెడీ కాకముందే లాక్కొచ్చిన రీడింగు

కీర్తనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిలమత్తూరు నుంచి రోజూ బస్సులో నిలబడి హిందూపురం వచ్చే మనిషికి ఓపిక ఎక్కడ మిగులుతుంది? ఆ వారమైతే తాను ప్రోగ్రాములు రాసే మోటార్ల కంపెనీలో ఆమె ఎవరితోనూ మంచిగా మాట్లాడలేదు.

తిరిగే మోటారు ఎంత అదురుతోందో సెన్సారుతో కొలిచి కంప్యూటరుకు పంపే పెట్టె ఒకటి అక్కడుంది. దాన్ని చదివే డ్రైవర్ ప్రోగ్రాం రాసింది ఆమె పైఅధికారి క్రాంతి కుమార్. ఈమధ్య రీడింగులు ఉన్నట్టుండి ఎగిరిపోయి, మంచి మోటార్లు కూడా ఫెయిలవుతున్నాయి. ఆయన నెపమంతా టెస్టింగు బల్ల దగ్గరుండే యల్లప్ప మీదికి తోసేశాడు.

“సెన్సారు బిగించేది కూడా చేతకాదా నీకు? శనివారం నుంచి రావద్దు పో!” అని షెడ్డులో అందరి ముందూ అరిచాడు.

“సరిగానే బిగిస్తాండా సార్,” అన్నాడు యల్లప్ప. వినేవాడేడీ?

కీర్తనకు ఒళ్లు మండింది. తప్పెక్కడో పట్టుకుందామని, ప్రతి రీడింగుకూ తెర మీద ఒక మెసేజి పడేలా డ్రైవర్‌లో రాసింది. చిత్రం! రీడింగులు బుద్ధిగా వచ్చాయి. మెసేజి తీసేస్తే మళ్లీ ఎగిరాయి. పెట్టింది, తీసింది, తిట్టుకుంది, మళ్లీ పెట్టింది. అప్పుడు అర్థమైంది. మెసేజి పడేందుకు పట్టే రవ్వంత సేపట్లో పెట్టె కొత్త రీడింగును సిద్ధం చేసుకుంటోంది. పాత కాపీలు తీసి చూస్తే, క్రాంతి కుమార్ కూడా మొదట్లో ఇలాంటి మెసేజీలే పెట్టుకుని, ఓనరుకు చూపించే ముందు నీటుగా ఉండాలని పీకేశాడు. అప్పటినుంచి ప్రోగ్రాం ఆగకుండా సగం తయారైన అంకెను లాక్కొస్తోంది. పెట్టె రెడీ అనేదాకా కాచుకునేలా ఆమె సరిచేసింది.

“అప్‌డేట్ చేసినామందాం. యల్లప్ప సంగతి ఎత్తద్దు, ఆ పనికి ఇంకొకర్ని మాట్లాడేసినా,” అన్నాడు క్రాంతి కుమార్ అది చూసి, గొంతు తగ్గించి.

“సిగ్గులేదా సార్ మీకు?” అని కీర్తన నేరుగా ఓనరు రమాదేవి గదికి పోయింది. ఆమెను బల్ల దగ్గరికి పిలుచుకొచ్చి, సెన్సారు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా పాత డ్రైవర్ నడిపింది, తర్వాత కొత్తది. రమాదేవి చూసి, యల్లప్పనూ, కీర్తననూ, క్రాంతి కుమార్‌నూ తన గదికి పిలిపించింది.

“నీ తప్పేం లేదంట. పనిలో ఉండప్పా,” అంది.

యల్లప్ప కదల్లేదు. “తిట్టింది అందరి ముందర. ఉండమనేది ఈ రూములోనా మేడం?”

కీర్తన తలుపు బార్లా తీసి, “అందరూ ఈడికి రాండప్పా!” అని కేకేసింది. మిషన్లు ఆపి జనం వచ్చారు.

“తప్పు డ్రైవర్‌ది. రాసింది నేనే,” అని గొణిగాడు క్రాంతి కుమార్, నేల చూస్తూ.

“ఇంట్లో మా ఆడామె కూడా నా చేతుల్నే అనుమానపడతాండాది,” అన్నాడు యల్లప్ప. “ఆడికొచ్చి చెప్తావా సార్?”

క్రాంతి కుమార్ జనాన్ని తప్పించుకుంటూ తలుపు వైపు జరిగాడు.

“వస్తాడులేన్నా,” అంది కీర్తన. “నేను పట్టుకొస్తా.”