కళ్ళాపి చల్లిన చోటు

డెబ్బైల్లో బెజవాడలో మేం పెంచిన కుక్కపిల్ల అల్సేషన్ అనీ, దాని తాత పోలీసుల దగ్గర పనిచేశాడనీ ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. ఎక్కడి అల్సేషనండీ! మా ఆఫీసులో ఒకాయన కొండపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. అక్కడి స్టేషను దగ్గర తిరిగే ఊరకుక్క పిల్లని చేతిసంచీలో పెట్టి తెచ్చిచ్చాడు. చెవులు కూడా నిలబడేవి కావు.

ఎందుకు తెప్పించానో చెప్పాలి. ఆ ఏడు మా మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. పుట్టింటి నుంచి వచ్చాక మా ఆవిడ వండేది, వడ్డించేది, గోడవైపు తిరిగి పడుకునేది. మాట లేదు. కుక్కపిల్ల సంచీలోంచి తల బయట పెట్టగానే, "అయ్యో, ఆకలేస్తోందా తల్లీ?" అంది. నాతో కాదు, దాంతో. అయినా నాకు చాలు.

మాది కాలవగట్టు పక్కన ఓ వాటా. ముందు భాగంలో ఇంటావిడ ఉండేది. భర్త పోయిన మనిషి, మడీ ఆచారం గట్టిగా పాటించే మనిషి. "ఉంచుకో అబ్బాయ్. గడప లోపల నా భాగం పాడుచేసిందా, ఆ రోజే బయటికి," అంది.

పెరటి గుమ్మం బయటికి తీసుకెళితే దానికి అసలు పని తప్ప అన్నీ గుర్తొచ్చేవి. కాకి అరిస్తే కాకి, ఎండుటాకు కదిలితే ఆకు, కాలవలో పడవ పోతే పడవ. పడవ కనుమరుగయ్యేదాకా చూసి, లోపలికొచ్చి మా చాపమీద కానిచ్చేది. మా ఆవిడ ఇంటావిడకి వినపడకుండా గబగబా కడిగేది. "నిన్ను పంపించేస్తారే, వింటున్నావా?" అని దాని చెవిలో చెప్పేది.

"కుక్కకి కళ్ళు కాదండీ, ముక్కు. ఒకే వాసన అలవాటు చెయ్యండి," అన్నాడు కొండపల్లి ఆయన. వాసన కోసం వెతుక్కోనక్కర్లేదు. పొద్దున్నే గుమ్మం ముందు కళ్ళాపి చల్లగా మిగిలిన పేడనీళ్ళు మా ఆవిడ గట్టు వారన పోసేది. ఆ తడిలో కుక్కపిల్లని నిలబెట్టేవాళ్ళం. పని కానిస్తే బెల్లం ముక్క. ఒకరోజు నెత్తిమీద కాకి అరిచినా అది తల ఎత్తలేదు. మా ఆవిడ చప్పట్లు కొట్టి నవ్వింది. వారంలో నేర్పేశానని ఆఫీసులో కోతలు కోశాను. నెలలు పట్టింది. నేర్పింది కూడా ఆవిడే, నేను తాడు పట్టుకున్నాను.

తర్వాత ఇంటావిడ భర్త తద్దినం వచ్చింది. భోక్తలు కూర్చునే చోట ఆవుపేడతో అలికి ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. మా కుక్కపిల్ల తాడు వదిలించుకుని ముందు భాగంలోకి పోయింది. మా ఆవిడ వెనకే పరుగెత్తింది. లోపల గారెలు వేగుతున్నాయి, గోడమీద కాకులు గోల చేస్తున్నాయి. అది దేన్నీ చూడలేదు. తిన్నగా వెళ్ళి ఆ తడి మధ్యలో పని కానిచ్చి, మా ఆవిడ వైపు తిరిగి తోక ఊపింది. బెల్లం కోసం.

ఇంటావిడ అరవలేదు. "ఏడాదికి ఒక్కరోజండీ ఆయన వచ్చేది," అని వాకిట్లో ఉన్న భోక్తలతో అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తప్పు దానిది కాదు, మేం నేర్పిందే చేసిందని నేను వాదించినట్టు తర్వాత చాలామందికి చెప్పాను. నిజానికి నేను నోరు విప్పలేదు. మా ఆవిడే దాన్ని ఎత్తుకుని, "సాయంత్రానికి పంపించేస్తాం పిన్నిగారూ," అంది.

ఇబ్రహీంపట్నంలో కరెంటు స్టేషను కడుతున్న చోట కాపలా మనిషి ఒకడు తీసుకుంటానన్నాడు. బస్సులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను.

"అన్నం ఎవరు పెడతారు?" అని అడిగింది మా ఆవిడ, నాకు వడ్డిస్తూ.

"అతని పెళ్ళాం."

"పిల్లలున్నారా వాళ్ళకి?"

తెలీదన్నాను. ఉన్నారు. నా చేతుల్లోంచి దాన్ని అందుకుంది వాళ్ళే.