గాలిని సుడి తిప్పే రేకు

చంద్రగిరి అవతల కనుమ వెనకున్న పల్లెలో గిరిప్రసాద్ ఆటో నడిపేవాడు. ఇంట్లో వేరుశనగ సేద్యం ఉన్నా అతని మనసంతా ఇంజను మీదే ఉండేది. రెండువేల నాలుగులో తిరుపతిలోని ఒక పాతసామాన్ల అంగట్లో అతనికొక చిన్న రేకు చుట్టు దొరికింది. దాని లోపల ఫ్యాను రెక్కల్లాంటి వంకర ముక్కలున్నాయి. దాన్ని కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ బిగిస్తే లోపలికి పోయే గాలి సుడి తిరుగుతుందనీ, పెట్రోలు గాలిలో బాగా కలిసి చప్పున మండుతుందనీ అంగడాయన చెప్పాడు.

నిజమే. ఊరి వీధుల్లో నిదానంగా పోతుంటే ఇంజను మెత్తగా నడిచేది, పెట్రోలూ తక్కువ తాగేది. గిరిప్రసాద్ ఆ రేకు గురించి చెప్పని మనిషి లేడు.

"ఆ రేకుతోనే కాపురం చెయ్యి" అని భార్య ధరణి నవ్వేది.

ఆ ఏడు మే నెలలో ఒక పొద్దున పక్కింటి నిర్మలమ్మ తన కూతురు మహితను వెంటబెట్టుకుని పరుగున వచ్చింది.

"బస్సు రాలేదప్పా! తిరుపతిలో పాపకు ఇంజనీరింగు ఎంట్రన్సు పరీక్ష ఉండాది. నిమిషం ఆలస్యమైనా లోపలికి ఇడవరంట!"

"ఎక్కండి" అన్నాడు గిరిప్రసాద్.

రేకు బిగించాక కనుమ దారి ఎక్కడం అదే మొదటిసారి. సగం ఎక్కేసరికి ఆటో డీలాపడింది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా ముందుకు పోక, ఊపిరాడని మనిషిలా ఆయాసపడి ఆగిపోయింది. అతను ప్లగ్గు తీసి తుడిచాడు. లాభం లేదు. మహిత గడియారం చూసుకుంటూ ఏడుపు ఆపుకుంటోంది.

మళ్ళీ స్టార్ట్ చేసి జాగ్రత్తగా విన్నాడు. సగం తిప్పితే శబ్దం శుభ్రంగా ఉంది. పూర్తిగా తిప్పితే గొంతు పట్టేస్తోంది.

"రేకే!" అన్నాడు. "మెల్లగా పొయ్యేటప్పుడు ఆ సుడి మేలు చేస్తాండాది. ఎక్కుడులో దీనికి నిండా గాలి కావల్ల. రెక్కలు అడ్డం పడతాండాయి."

"తీసేయన్నా మరి!" అంది మహిత.

అందరి దగ్గరా అంతగా పొగిడిన వస్తువు. అయినా మరుక్షణమే స్పానర్ తీశాడు. ఇంజను వేడికి వేళ్ళు కాలినా వదల్లేదు. రేకును ఊడబీకి, కార్బురేటర్‌ను తిరిగి బిగించి స్టార్టర్ కడ్డీ లాగాడు. ఆటో గట్టిగా గర్జించి కనుమ ఎక్కేసింది.

తిరుపతిలో పరీక్ష జరిగే కాలేజీ దగ్గర వాచ్‌మన్ గేటు మూస్తుండగా మహిత లోపలికి దూరింది. నిర్మలమ్మ అక్కడే మట్టిలో కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.  గిరిప్రసాద్ వేపచెట్టు నీడలో ఆటో ఆపి, వెనక సీట్లో ఒళ్ళు వాల్చి హాయిగా నిద్రపోయాడు.

మధ్యాహ్నం మహితే వచ్చి తట్టి లేపింది.

"అన్నా, బాగా రాసినాను!"

"అబ్బా, ఇప్పుడు ఆకలేస్తాండాది సూడు" అంటూ లేచాడు. ముగ్గురూ పక్కనున్న హోటల్లో భోజనానికి కూర్చున్నారు. మసి వదలని చేతితోనే అతను రెండోసారి సాంబారు అడిగాడు.